రాతి చెలకల్లో పత్తి కట్టె కోసే యంత్రానికి ఏ బ్లేడ్లు వెయ్యాలి?



పత్తి ఏరడం కడపటికి వచ్చిందంటే మన ఊళ్ళలో ఒక చప్పుడు మొదలవుతుంది. ట్రాక్టరు వెనక కట్టిన ష్రెడ్డరు చేలో దిగి, నిలిచివున్న పత్తి కట్టెను నుగ్గు చేసుకుంటూ పోయే చప్పుడు. కొందరు దీనినే మల్చరు అంటారు. పేరు ఏదైనా పని ఒకటే. ఇదివరకు కూలీలను పెట్టి కట్టె పీకించి, గట్టున కుప్ప వేసి, నిప్పు పెట్టేవాళ్ళం. ఇప్పుడూ పెట్టేవాళ్ళు వున్నారు. నిప్పు పెడితే భూమికి చేరవలసిన సత్తువ పొగై పోతుంది. పీకకుండా పొలంలోనే వదిలిపెడితే అంతకంటే చేటు. కట్టె మీద మిగిలిన పగలని కాయల్లో గులాబీరంగు కాయతొలుచు పురుగు నిద్రపోతూ వుంటుంది, మళ్ళీ పంటకు లేచి వస్తుంది. అందుకనే డిసెంబరు ఆఖరుకు, ఎంత ఆలస్యమైనా జనవరి లోపల, పంట ముగించి కట్టెను నుగ్గు చేసి దున్నెయ్యమని చెప్తున్నాము. ఇదంతా మీరు విన్నదే. నేను ఈ పూట చెప్పదలచింది ఆ యంత్రం లోపల తిరిగే బ్లేడ్ల సంగతి. ముఖ్యంగా మన రాతి చెలకల్లో వాటిని మార్చవలసి వచ్చినప్పుడు ఏవి కొనాలి, ఎట్లా బిగించాలి అన్నది.

ఈ సంగతి మాట్లాడడానికి కారణం నేను చేసిన ఒక తప్పు. చెప్పుకోవడానికి సిగ్గుగానే వుంది గాని, చెప్పకపోతే మీకు ప్రయోజనం లేదు.

2023 జనవరిలో నల్లగొండ ప్రాంతంలోనే ఒక పడుచువాడు, సొంత ట్రాక్టరుకు ష్రెడ్డరు కట్టుకొని కిరాయికి తిప్పుతున్నాడు. ఎర్ర చెలక, పైన అంతా పలుగురాళ్ళు. ఒక్క రోజులో ఏడు బ్లేడ్లు వంగినవి కొన్ని, విరిగినవి కొన్ని. నాకు ఫోను చేశాడు. "సారూ, మిషనుతో వచ్చిన రకం బ్లేడ్లు బజార్ల దొరుకుతలేవు. వేరేవి ఉన్నయి, రంధ్రం సరిగ్గనే సరిపోతున్నది. ఎయ్యమంటరా?" నేను అప్పుడు ఒక మీటింగులో వున్నాను. ఆలోచించకుండా, "రంధ్రం సరిపోతే వెయ్యి తమ్మీ, అదను పోనియ్యకు" అనేశాను.

మూడో రోజు మధ్యాహ్నం ఒక బ్లేడు ఊడి, వెనక తెర కిందనుంచి ఎగిరి, గట్టు మీది వేపచెట్టు మానులో నడుమెత్తున దిగబడింది. పత్తి ఏరే ఆడవాళ్ళు ఎనిమిదిమంది ఆ చెట్టు కిందనే అన్నాలు తిని, అప్పుడే లేచి సాళ్ళలోకి పోయారు. వాళ్ళ నీళ్ళ బిందె ఇంకా అక్కడే వుంది. సాయంత్రం నేను వెళ్ళి ఆ మాను దగ్గర నిలబడ్డాను. పడుచువాడు నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది అనిపించింది.

తరువాత యంత్రాన్ని విప్పి చూశాము. మెకానిక్కు ఒకాయన, ఆ ఊరి కమ్మరి పెద్దాయన, మేమిద్దరం. ఆ రోజు నేర్చుకున్నదీ, ఆ తరువాత చదివి, అడిగి తెలుసుకున్నదీ కలిపి మీకు చెప్తాను.

ముందు ఈ యంత్రం ఎట్లా పనిచేస్తుందో చూదాము. రోటవేటరు బ్లేడ్లు గట్టిగా బిగించి వుంటాయి, అవి మట్టిని తవ్వడానికి పుట్టినవి. ష్రెడ్డరు బ్లేడ్లు అట్లా కాదు. గొట్టంవంటి రోటరు మీద చెవులు వుంటాయి. ఆ చెవుల్లో బోల్టు మీద ఒక్కో బ్లేడు, మడతబందు మీది తలుపులాగా, వదులుగా వేలాడుతుంది. రోటరు తిరిగినప్పుడు ఆ వడికి బ్లేడు నిటారుగా నిలబడి కట్టెను కొడుతుంది. రాయి తగిలితే వెనక్కు మడుచుకొని తప్పుకుంటుంది, మళ్ళీ నిలబడుతుంది. రాతి నేలలో ఈ యంత్రం బ్రతికేది ఈ తప్పుకొనే గుణం మూలంగానే. చాలామంది బ్లేడు గట్టిగా బిగిస్తేనే గట్టిగా కొడుతుందనుకొని నట్టును బ్లేడు మీదకి పట్టేటట్లు తిప్పుతారు. అట్లా బిగించిన బ్లేడు రాయిని తప్పుకోలేదు. అది విరగాలి, లేకపోతే బోల్టు తెగాలి.

వడి ఎంత అంటారా? యంత్రాన్ని బట్టి తేడా వుంటుంది గాని, రోటరు నిమిషానికి సుమారు 2000 చుట్లు తిరుగుతుందనుకోండి. బ్లేడు కొస గీసే చక్రం అడ్డకొలత 45 సెంటీమీటర్లు అనుకోండి. కొస గంటకు దాదాపు 170 కిలోమీటర్ల వేగంతో పోతున్నట్టు లెక్క. ఆ వేగంలో ఒక్కో బ్లేడు తన బరువుకు సుమారు 800 రెట్ల బలంతో బోల్టును బయటికి గుంజుతుంది. కిలో బరువున్న బ్లేడు 800 కిలోలు. ఈ లెక్క నాకు ఆ రోజు తెలిసివుంటే, ఫోనులో ఆ మాట అనేవాణ్ణి కాదు.

ఇప్పుడు ఇందులోనే ఇంకొక మాట వుంది. రోటరుకు ఒక పక్క వున్న బ్లేడూ, దానికి సరిగ్గా ఎదుటి పక్క వున్న బ్లేడూ సమానమైన బరువుంటే, ఇది ఇటు గుంజితే అది అటు గుంజి రోటరు కుదురుగా తిరుగుతుంది. మేము తూచి చూస్తే, అరిగిన పాత బ్లేడుకూ, ఆ పడుచువాడు వేసిన కొత్త బ్లేడుకూ 140 గ్రాములు తేడా వచ్చింది. 140 గ్రాములు అంటే పిడికెడు. 800 రెట్లు చేస్తే 110 కిలోల పైమాట. అంటే నూరు కిలోలకు పైగా బరువు సెకనుకు 33 సార్లు రోటరును అన్ని వైపులకూ కుదిపిందన్నమాట. బేరింగు గూడు పగిలిందంటే ఆశ్చర్యం ఏముంది? నట్లు వదులైనాయి, బోల్టు ఒకటి తెగింది, బ్లేడు ఎగిరింది. రంధ్రం మాత్రం సరిగ్గానే సరిపోయింది!

కాబట్టి రంధ్రం సరిపోవడం ఒక్కటే చూడకండి. కొనబోయేముందు మీ యంత్రంలోంచి పాతది, అన్నిటికంటే తక్కువ అరిగినది ఒకటి విప్పి సంచిలో వేసుకొని దుకాణానికి పొండి. రంధ్రం అడ్డకొలత, రంధ్రం మధ్యనుంచి కొస దాకా పొడవు, చెవుల మధ్య పట్టే మందం, బరువు, ఈ నాలుగూ కలవాలి. పొడవు ఒక సెంటీమీటరు ఎక్కువైనా లోపలి రేకుకు తగిలే యంత్రాలు వున్నాయి.

ఇక ఏ రకం? మన బజార్లలో ముఖ్యంగా రెండు రకాలు కనబడతాయి. ఒకటి వై బ్లేడు. రెండు పలుచని వంపు బ్లేడ్లను వీపుకు వీపు ఆనించి ఒకే బోల్టుకు తగిలిస్తే ఇంగ్లీషు వై అక్షరం తలకిందులుగా వేలాడినట్టు కనబడుతుంది. కొన్నిటికి నడుమ తిన్నని బ్లేడు మరొకటి వుంటుంది. రెండోది సుత్తి బ్లేడు, హ్యామరు అంటారు. వెడల్పుగా, మందంగా, పార ముక్కలాగా వుంటుంది.

వై బ్లేడు తేలిక. కోత శుభ్రంగా వుంటుంది, ట్రాక్టరుకు శ్రమ తక్కువ, డీజిలు తక్కువ. గడ్డికీ, మొక్కజొన్న చొప్పకూ, నల్లరేగడిలో సన్నని పత్తి కట్టెకూ అది చాలా చక్కని బ్లేడు. రాళ్ళు లేని రేగడి రైతు సుత్తి బ్లేడు కొంటే డబ్బు దండగ అని నా అభిప్రాయం. కాని అదే వై బ్లేడు పలుగురాళ్ళ చెలకలో పడితే పలుచని అంచు పళ్ళు పళ్ళుగా విరుగుతుంది, రెక్క వంగుతుంది. వంగిన రెక్క పక్కదానికి తగులుతుంది. అంచు మొద్దుబారిన తరువాత మరొక చిక్కు వుంది. పత్తి కట్టె తోలు నార. మొద్దు బ్లేడు ఆ నారను కొయ్యలేక పీచు పీచుగా లాగుతుంది. పచ్చిదనం ఇంకా ఆరని కట్టె అయితే ఆ పీచు రోటరు చివరలకు చుట్టుకొని బేరింగు సీళ్ళను తినేస్తుంది. రోజుకొకసారి కొడవలితో కోసి తీస్తూ వుండవలసిందే.

సుత్తి బ్లేడు కొయ్యడం కంటే నలగ్గొట్టడం ఎక్కువ చేస్తుంది. బొటనవేలు మందం దాటిన మొదళ్ళను చిదగ్గొడుతుంది. అంచు మందం గనుక చిన్న రాయి తగిలితే గీత పడుతుంది గాని ముక్క పోదు. రాతి చెలకకు, అందులోనూ చెట్టు మొదలు లావెక్కిన నీటి పత్తికి, సుత్తే మేలు. కాని దానికీ ఖర్చు వుంది. ఒక్కోదాని ఖరీదు ఎక్కువ. ట్రాక్టరుకు బలం ఎక్కువ కావాలి. తక్కువ హార్స్‌పవరు ట్రాక్టరుతో ఆరడుగుల యంత్రానికి సుత్తులు వేసి తోలితే ఇంజను మూలుగుతుంది, రోటరు వడి పడిపోతుంది. వడి పడితే బ్లేడు నిటారుగా నిలబడదు, కట్టె నలగదు. అప్పుడు గేరు తగ్గించి నెమ్మదిగా పోవడం తప్ప వేరే దారి లేదు.

ఇక్కడ జాగ్రత్తగా వినండి. వై బ్లేడ్లతో వచ్చిన యంత్రానికి సుత్తులు తగిలించాలంటే, ఆ రోటరు దానికి తగినదేనా అని యంత్రం పుస్తకంలో చూడాలి, లేదా చేసినవాళ్ళ మనిషిని అడగాలి. కొన్ని రోటర్లు రెండింటికీ పనికివస్తాయి. కొన్నిటి చెవులు తేలిక బ్లేడుకే లెక్కగట్టి చేసినవి. వాటికి బరువు బ్లేడు వేస్తే, 800 రెట్లు అన్న లెక్క జ్ఞాపకం వుంది గదా, చెవే వూడి వస్తుంది. మార్చడానికి వీలు లేని యంత్రమైతే, వై లోనే మందం ఎక్కువైనది, ఆ యంత్రం పుస్తకం ఒప్పుకొన్నది, అడగండి. అదీ దొరకకపోతే రాళ్ళు ఎక్కువున్న మడిని ఆ యంత్రంతో కోయించకండి. కూలి ఎక్కువైనా ఆ ముక్క వరకు పీకించుకోవడమే చవక.

దుకాణంలో ఇనుము మంచిదా కాదా ఎట్లా తెలుస్తుంది? అంగడివాడు అన్నీ మంచివే అంటాడు. కమ్మరి పెద్దాయన నాకు రెండు పరీక్షలు చూపించాడు. మొదటిది మనం కుండ కొనేటప్పుడు చేసేదే. బ్లేడును దారంతో రంధ్రంలోంచి వేలాడదీసి, చిన్న ఇనుప ముక్కతో తట్టండి. ఖంగుమని సాగితే మంచిది. బొక్కిగా పలికితే లోపల చీలిక వున్నట్టు. రెండోది ఆకురాయి పరీక్ష. మామూలు ఏంగిలు ఇనుము మీద రాచినట్లు ఆకురాయి తేలికగా దిగితే, ఆ బ్లేడు మెత్తన, పది ఎకరాలకే గుండ్రబడుతుంది. అద్దం మీద రాచినట్లు జారిపోతే మరీ పెళుసు. ఆకురాయి కష్టం మీద కొంచెం కొరకాలి. రేగడి రైతుకు పెళుసు బ్లేడుతో అంత ప్రమాదం లేదు, పైగా ఎక్కువ రోజులు వస్తుంది. రాతి నేలకు మాత్రం అది పనికిరాదు. మెత్తన బ్లేడు వంగుతుంది, డబ్బు పోతుంది, అంతే. పెళుసు బ్లేడు రాయికి తగిలి పగిలితే ముక్క ఎటుపోతుందో చెప్పలేము. పోత ఇనుముతో పోసినవి అసలే వద్దు.

అరిగిన కొసకు వెల్డింగు పెట్టించి వాడవచ్చునా అని చాలామంది అడుగుతున్నారు. వద్దు. వెల్డింగు వేడికి ఆ చుట్టుపట్ల పాయనం పోతుంది, అతుకు పక్కనే విరుగుతుంది. పైగా ఒక్కోదానికి ఒక్కో బరువు ఎక్కుతుంది. పదును పెట్టించేటప్పుడు కూడా ఇంతే. రాయిమీద అంచు నీలం తిరిగేదాకా పడితే పాయనం పోయినట్టే. రాతి నేలలో కత్తి పదును ఎట్లాగూ ఒక గంట నిలవదు, గుల్లలు పడిన అంచును సరిచేస్తే చాలు.

ఇక బిగించడం. ఒక బ్లేడు పోతే దానిని ఒక్కదాన్నే మార్చకండి. రోటరు మీద దానికి ఎదురుగా వున్నదాన్ని కూడా తీసి, రెండూ కొత్తవి వెయ్యండి. తీసిన మంచిదాన్ని దాచిపెట్టండి, అంతే బరువున్న జోడీ దొరికినప్పుడు పనికొస్తుంది. సగానికి పైగా అరిగిపోయివుంటే మొత్తం సెట్టు మార్చడమే మంచిది. కొత్తవి ఒకే పెట్టెలోవైనా సరే, కిరాణా కొట్టు ఎలక్ట్రానిక్ తక్కెడ మీద ఒక్కొక్కటే పెట్టి, బరువు సుద్దముక్కతో దానిమీదే రాయండి. దగ్గర దగ్గర బరువున్నవాటిని ఎదురెదురుగా వెయ్యండి. అరగంట పని. కొట్టు యజమాని నవ్వినా ఫరవాలేదు.

బోల్టు బ్లేడంత ముఖ్యం. దాని తలమీద 8.8 అనో 10.9 అనో అంకె పోసి వుంటుంది, అది బలానికి గుర్తు. యంత్రం పుస్తకం ఏది చెప్తే అదే వెయ్యాలి. మా వేపచెట్టు బోల్టు తలమీద ఏ అంకే లేదు. లోపల నైలాను వలయం వున్న నట్టును ఒకసారి విప్పితే మళ్ళీ వాడకూడదు, కొత్తది వెయ్యాలి. బుష్షు అరిగినా, బ్లేడు రంధ్రం కోడిగుడ్డులాగా సాగినా, ఆ బ్లేడు పైకి ఎంత బాగున్నా తీసెయ్యాలి. బిగించిన తరువాత ప్రతి బ్లేడునూ వేలితో ఎత్తి వదలండి. తనంతట తాను కిందికి వాలాలి.

ఈ పని చేసేటప్పుడు ఇంజను ఆపి, తాళంచెవి మీ జేబులో పెట్టుకోండి, తాళం ట్రాక్టరుకు వదిలి పిల్లవాణ్ణి సీటు మీద కూర్చోబెట్టకండి. పి.టి.ఓ. తప్పించినా రోటరు కొంతసేపు తిరుగుతూనే వుంటుంది, అది నిలిచేదాకా రేకు ఎత్తకండి. హైడ్రాలిక్కు మీద ఎత్తిన యంత్రం కింద దుంగలు పెట్టకుండా తల దూర్చకండి.

మంచి బ్లేడు వేశాను గదా అని నేలకు ఆనించి తోలితే ఏ బ్లేడూ నిలవదు. కోత నేలకు పరకంత ఎత్తులో వుంటే బాగుంటుందని మనకు ఆశ. రాతి చెలకలో వెనక రోలరు సర్ది, కనీసం నాలుగు వేళ్ళ ఎత్తు, రాళ్ళు పెద్దవైతే ఇంకా ఎక్కువ, వుంచాలి. అప్పుడు మోళ్ళు మిగులుతాయి. ఏటవాలుగా తెగిన పత్తి మోడు ట్రాక్టరు టైరును పొడుస్తుంది, తడి తగిలితే మళ్ళీ చిగురుస్తుంది, ఆ చిగురు మీద పురుగు చేరుతుంది. కాబట్టి ఆలస్యం లేకుండా నాగలితోనో కల్టివేటరుతోనో మోళ్ళను లేపాలి. ఒక చాలు దున్నకం ఎక్కువవుతుంది, నిజమే. బ్లేడ్ల సెట్టు ఖరీదు పక్కన పెట్టి చూసుకోండి.

యంత్రం దిగకముందు చేనులో ఒకసారి నడవండి. గుండ్లు, పాత పుట్టలు, గట్టుకు కట్టిన తీగలు కనబడతాయి. కదలనివాటి దగ్గర కర్రకు పాతగుడ్డ కట్టి నిలబెట్టండి. డ్రిప్పు పైపులు చుట్టి తీసెయ్యండి, ఒక్క వరస మరచిపోయినా రోటరుకు చుట్టుకుంటుంది. యంత్రం ముందూ వెనకా వేలాడే గొలుసులు, రబ్బరు తెరలు అడ్డం అని కొందరు విప్పేస్తారు. అవి రాయిని ఆపేందుకే వున్నాయి. తెగిపోతే కొత్తవి వేయించండి. మనుషులూ, గొడ్లూ దూరం వుండాలి. ఎంత దూరం అంటే నేను వంద మీటర్లు అంటాను. ఏరే ఆడవాళ్ళు పక్క మడిలో వున్నా సరే, వాళ్ళు పోయేదాకా ట్రాక్టరు ఆపండి. వాళ్ళు ఒకవైపు ఏరుతుంటే ఇటువైపు యంత్రం దించడం మన దగ్గర మామూలైపోయింది, అదను తొందరలో.

పని మధ్యలో యంత్రం వణికినా, చప్పుడు మారినా, ఈ సాలు చివరిదాకా పోదాము అనుకోకండి. అక్కడే ఆపండి. బ్లేడు ఒకటి పోయిందనడానికి మొదటి గుర్తు ఆ వణుకే. ఆ పడుచువాడికి మూడు రోజులూ సీటు కింద వణుకు తెలుస్తూనే వుందట. కొత్త బ్లేడ్లు గదా, కుదురుకుంటాయిలే అనుకున్నాడు.

అతను ఇప్పుడూ కిరాయికి తిప్పుతున్నాడు. రేగడి ఊళ్ళకు పోయేటప్పుడు వై బ్లేడ్లు, చెలకల్లోకి వచ్చేటప్పుడు సుత్తులు వేసుకుంటాడు. అతని రోటరు రెండింటికీ తగినదే, పుస్తకంలో చూశాము. మార్చడానికి ఒక పూట పడుతుంది. ఆ పూట కిరాయి పోతుందని మొదట గొణిగేవాడు.

మీ యంత్రం బ్లేడ్ల మీద అనుమానం వున్నవాళ్ళు పాతది ఒకటి, కొనబోయేది ఒకటి తీసుకొని మీ రైతు వేదికలో విస్తరణాధికారికి చూపించండి. మా వేదికలో నేను ఒక తక్కెడ, ఒక ఆకురాయి వుంచాను. ఫోనులో అడిగితే మాత్రం ఇప్పుడు జవాబు చెప్పడం లేదు, బ్లేడు తెమ్మంటున్నాను. సెలవు.